గేటు దాకా

రాందాస్ చౌరస్తాల సమ్మె టెంటు కింద కూసున్న రాజేందర్‌కు కాళ్లు నిలుస్తలేవు. కుడి మోకాలు దానంతట అదే ఊగుతుంది. డిపోల బండ్లన్ని ఆగి మూడు వారాలు కావొస్తుంది. స్టీరింగు పట్టని చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక ఒకసారి పేపర్ మడుస్తున్నయి, ఒకసారి విప్పుతున్నయి.

ఆ పొద్దున్నే ఆయన భార్య దేవిక శివ్వంపేటకు పోయింది. తల్లి వాకిట్ల జారిపడి తుంటి విరిగిందట. బస్సుల్లేవు గనక తమ్ముడే మోటర్ సైకిలేసుకొని వచ్చి తీస్కపోయిండు. బండెక్కుకుంట దేవిక ఒక్కటే చెప్పింది: "ఆశ్రితను సెంటర్‌కు తోల్కపో. దించి పోకు, ఆడనే కూసో."

రాజేందర్ దించిండు గని కూసోలే. సెంటరంటె మెయిన్ రోడ్డు పక్క సందుల కిరాయికి తీసుకున్న పాత పెంకుటిల్లు. ఆటిజం ఉన్న పిల్లలకు అండ్ల సుమన అనే థెరపీ మేడం రోజు ఏదో ఒకటి చేయిస్తది. దూలానికి గొలుసులతోని కట్టిన ఉయ్యాల మీద ఊపుతది, బియ్యం తొట్టిల చేతులు పెట్టిస్తది, గోడను నూకమంటది. ఆరేండ్లొచ్చినా బిడ్డ ఒక్కనాడు నాన్నా అని పిలువలే, గోడను నూకితె మాటలొస్తయా అని రాజేందర్ కడుపుల ఎప్పటినుంచో ఉంది. ఆ దినం పోయి చూస్తె వరండ నిండ తల్లులే. వాళ్ల నడుమ మీసాలోడు తనొక్కడేం కూసుంటడు? "జల్దిన వస్త మేడం" అని చెప్పి టెంటుకు వచ్చి పడ్డడు.

ప్రభాకర్ ఫోన్ జేబుల పెట్టుకుంట లేచిండు. ఆయన కూడ డ్రైవరే, యూనియన్‌కు పెద్ద. సమ్మె మొదట్లనే గొంతు పోయింది, ఇప్పుడు మాట గరగరమంటది.

"మార్కెట్ అవతలి సందుల ఏదో బడి దొంగతనంగ నడుస్తుందట. కిటికీలకు పరదాలు కట్టి పిల్లలను లోపల కూసోబెడుతున్నరట. నడువుండ్రి."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అన్నంక బడి తెరువొద్దు, ఆఫీసు తెరువొద్దు. ఉన్నోళ్లందరు లేచిండ్రు. డప్పులోళ్లిద్దరు ముందట నడిచిండ్రు. కూసునే బాధ తప్పింది గదా అని రాజేందర్ సంతోషంగనే లేచిండు. మెయిన్ రోడ్డు దాటి, ఎరువుల దుకాణం పక్క నుంచి మలిగినంకగని తెలువలే, పోతున్నది సెంటర్‌కని.

అప్పుడన్న ఒక్క మాట అంటె అయిపోతుండె. అన్నా, అది బడి కాదు, నా బిడ్డ అండ్లనే ఉంది అంటె ప్రభాకర్ ఆగేటోడే. గని డిపోల ఎవ్వరికి తెల్వదు. బిడ్డ సంగతి ఎవరన్న అడిగితె "జర లేటుగ మాట్లాడుతది" అని దాటేసుకుంట వచ్చిండు ఇన్నేండ్లు. ఇప్పుడింతమంది ముందట, నడి సందుల, ఏమని చెప్పాలె? నాలుక లేవలే. ఒక్కో అడుగు ఎనకకు జరుపుకుంట గుంపు చివరికొచ్చిండు. అందరు జై తెలంగాణ అంటె తనూ అన్నడు. అనకపోతె మొఖం దిక్కు చూస్తరని ఇంకింత గట్టిగ అన్నడు.

ఆ ఇరుకు సందుల డప్పు చప్పుడు గోడలకు తాకి మల్ల మీద పడుతుంది. ఎవరో గేటు ఇనుప కడ్డీల మీద కట్టెతోని గీసిండ్రు. వరండల తల్లులు అప్పటికే లోపలికి పోయి తలుపేసుకున్నరు. ఆ తలుపు తీసి సుమన బయటికొచ్చింది. సన్నటి మనిషి, చున్నీ నడుముకు బిగించి కట్టుకొని ఉంది.

"అన్నా, జర డప్పు ఆపుండ్రి. నేను సమ్మెకు అడ్డం కాదు. లోపల పిల్ల ఉయ్యాల మీదుంది, ఇయ్యాలనే మొదటిసారి కాళ్లు పైకి లేపింది. ఆమెను దింపి వస్త, అటెన్క మీరెట్లంటె అట్ల..."

ఆమె పెదవులు కదిలినయిగని మాట ఎవరికి చేరలే. ఆమె ఎనక నుంచి ఆశ్రిత వరండాలకు ఉరికొచ్చింది. రెండు చేతులు చెవులను గట్టిగ అదుముకొని ఉన్నయి. అంచుకొచ్చి ఆగింది. గుంపును ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. చివర నిలబడ్డ తండ్రి కాడికొచ్చి ఆమె చూపు నిలిచింది. ఎన్నడు మనిషి మొఖం దిక్కు సక్కగ చూడని పిల్ల, ఆ దినం చూసింది. రాజేందర్ నోరు అప్పటికి జై అని తెరిచే ఉంది.

ఆ ఎమ్మటే ఆమె కూలబడి తలను గడపకేసి కొట్టుకోబట్టింది.

రాజేందర్ మనుషులను నూకుకుంట ఉరికిండు. బిడ్డ నొసటికి, గడపకు నడుమ చెయ్యి పెట్టిండు. ఎత్తుకోబోతె ముంజేతిని కొరికి పట్టింది.

"డప్పు ఆపుండ్రి!" అని అరిచిండు. "ఆపుండ్రి జర!"

డప్పు ఆగింది. సందంత ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. ప్రభాకర్ గేటు పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

"నీ బిడ్డనా?"

"ఆఁ."

"గింత దూరం మాతోని కలిసి నడిచినవు గదరా..." అని, మిగిలింది మింగి, ప్రభాకర్ గుంపు దిక్కు మలిగిండు. "గిది బడి కాదు. ఎవ్వరు తాళమెయ్యొద్దు. నడువుండ్రి."

ఒకరి ఎనక ఒకరు మలిగిపోయిండ్రు. కొందరు పోవుకుంట పోవుకుంట ఎనకకు చూసిండ్రు. రాజేందర్ ఆ చూపులకు మొఖం దాచుకోవాల్ననుకున్నడు గని, చేతుల బిడ్డ ఉంది.

* * *

తెల్లారి సెంటర్ తెరిచే ఉంది. రాజేందర్ బిడ్డకు తానం పోసి, దేవిక వేసినట్టే రెండు జడలు వేద్దామని చూసి, రాక, రబ్బరు బ్యాండ్ చుట్టి బయలెల్లదీసిండు. ఎరువుల దుకాణం దాకా బాగనే నడిచింది. సందు మలిగే కాడ ఆగిపోయింది.

"నడు బిడ్డా."

నడువలే. చెయ్యి పట్టి గుంజిండు. ఆశ్రిత ఒళ్లంత బిర్ర బిగిసింది, ఆ ఎమ్మటే గోనెసంచి జారినట్టు జారి రోడ్డు మీద పండుకుంది. లేపితె మల్ల పండుకుంది. ఆటోలు ఆగినయి. కూరగాయల గంప ఎత్తుకొని పోతున్న సిద్దమ్మ దించి నిలబడ్డది. ఆమె వాళ్ల వాడకట్టు ముసలామెనే.

"పొల్లకు ఏదో సోకింది కొడుకా. ఏడుపాయలకు తీస్కపోయి దుర్గమ్మ ముందట నిలబెట్టు, సక్కగైతది."

"ఏం సోకలే, నువ్వు పో!" అని కసిరిండు రాజేందర్. కసిరినంక సిగ్గైంది. ఆమె గంపను తనే ఎత్తి నెత్తిన పెట్టిండు. బిడ్డను భుజాన వేసుకొని ఇంటికి మలిగిండు. మధ్యాహ్నం దేవిక ఫోన్ చేసి, "పోయిందా?" అంటె, "ఆ, పోయింది" అన్నడు.

ఇల్లు చిన్నది. బిడ్డ ఈ గోడ నుంచి ఆ గోడకు ముని కాళ్ల మీద తిరుగుతనే ఉంది. ఈయన కూడ తిరుగుతనే ఉన్నడు. టీవీ పెడితె ఎక్కడ ఏ రైలాపిండ్రో, ఎవరిని అరెస్టు చేసిండ్రో చెప్తుంది. చప్పుడుకు ఆమె చెవులు మూసుకుంటె తీసేసిండు. తీసేసినంక ఏం తోచలే. అన్నం కలిపి ముద్ద పెడితె ఆమె నోరు గట్టిగ మూసింది. దేవిక చెంచతోని తినిపిస్తదని అప్పుడు యాదికొచ్చింది. చెంచ దొరకలే. గిన్నెలన్ని కింద మీద చేసి, దొరికే సరికి ఆమె గోడకానుకొని నిద్రపోయింది.

పొద్దుగూకినంక దేవిక మల్ల ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరే ఉంది.

"మేడం చెప్పింది. పొద్దుగాల నాకెందుకు అబద్ధం చెప్పినవు?"

రాజేందర్ చెంచను చేతుల అటు ఇటు తిప్పుతుండు.

"ఎండాకాలం నుంచి తిరుగుతున్న నేను. ఆ ఉయ్యాలను చూస్తనే ఒణికేది. ముందుగాల చెయ్యి పెట్టింది. మస్తు దినాలకు కూసుంది. కాళ్లు భూమి మీద ఆనిచ్చే కూసునేది. ఒక్కసారి కాళ్లు లేపితె చాలని మేడం, నేను ఎంత ఎదురుచూసినమో నీకేం ఎరుక? లేపిన్నాడు నేను లేను. నువ్వున్నవు. నువ్వెక్కడున్నవయ్యా?"

"గేటు బయట."

అవతల ఆమె ఊపిరి వినిపిస్తుంది. తుంటి విరిగిన అత్త మూలుగుడు కూడ.

"జై అననీకి లేచిన నోరు, నా బిడ్డ అననీకి లేవలేదా?"

ఆమె జవాబు కోసం ఆగలే. "అమ్మను ఇడిచి రాలేను. నువ్వే చూడు" అని పెట్టేసింది.

* * *

రాజేందర్ పొద్దున్నే ఒక్కడే సెంటర్‌కు పోయిండు. బిడ్డను సిద్దమ్మ కాడ కూసోబెట్టిండు. ముసలామె నిన్నటి మాట మనసుల పెట్టుకోలే. సుమన వరండ ఊడుస్తుంది. ఆయనను చూసి చీపురు పక్కకు పెట్టింది.

"ఎత్తుకొని లోపలికి తెస్త మేడం. ఏడ్చినా ఒక్కనాడు ఏడుస్తది."

"తేకుండ్రి. ఎత్తుకొచ్చి లోపల పడేస్తె తలుపు దాటినట్టు కాదు. ఆమెకు గేటంటె భయం కాదన్నా. ఆ చప్పుడు మల్ల ఎప్పుడొచ్చి మీద పడ్తదో తెల్వక భయం. మనం చప్పుడు విని మరిచిపోతం, ఆమెకు ఒళ్లంత తాకుతది. అండ్ల మీ గొంతు కూడ ఉండె."

కోపం లేకుండనే చెప్పింది. కోపంగ చెప్తె బాగుండు అనిపించింది రాజేందర్‌కు.

"మరేం చెయ్యాలె?"

"ఎంత దూరమొస్తదో అంత దూరం తెండ్రి. ఆగిన కాడ కూసోండ్రి. గుంజొద్దు, బతిమిలాడొద్దు. ఆమే లేచి అడుగేస్తె ఎంట పోండ్రి. ఎనకకు పోతె ఎనకకు పోండ్రి."

"ఎన్ని దినాలు?"

"తెల్వది."

"బస్సుకైతె టైముంటది మేడం. దీనికేం ఉండదా?"

"ఉండదు" అన్నది సుమన. లోపలికి పోయి చిన్న బడి సంచి తెచ్చిచ్చింది. అండ్ల జొన్నలు పోసి కుట్టి ఉంది. "ఇది వీపుకు తగిలియ్యుండ్రి. బరువుంటె ఒళ్లు జర నెమ్మదిస్తది. ఆమె మీకు ఆనుకుంటె ఆనుకోనియ్యుండ్రి, మీరు మాత్రం పట్టుకోవద్దు."

అట్ల మొదలైంది. సంచి తగిలిచ్చుకొని ఆశ్రిత ఎరువుల దుకాణం దాకా వచ్చింది, ఆగింది. రాజేందర్ ఆ దుకాణం అరుగు మీద కూసున్నడు. ఆమె జర ఎడంగ కూసుంది. దుకాణంల పారేసిన గోనెసంచి ఒకటి పడుంటె, దాని అంచు నుంచి పోగులు గుంజుకుంట, ఒక్కొక్కటి బండ మీద వరుసగ పెట్టుకుంట పోయింది. పని దొరికిన మనిషి లెక్క ఉంది. పని లేంది ఈయనకే. ఫోన్ తీసిండు, పెట్టిండు. లేచి రోడ్డు దిక్కు చూసిండు. మల్ల కూసున్నడు. టెంటు నుంచి మైకు గొంతు లీలగ వినిపిస్తుంది, అక్కడేమైతుందో అని కాళ్లు గుంజుతున్నయి. లేచి నిలబడ్డడు. ఆ ఎమ్మటే ఆశ్రిత కూడ లేచి ఇంటి దిక్కు నడిచింది.

తెల్లారి కూడ అదే. మధ్యాహ్నం సుమన సందు మలుపుకొచ్చి కొంచెంసేపు ఇద్దరిని చూసింది.

"అన్నా, ఆమె ఎప్పుడు లేచిపోతుందో గమనించినరా?"

"లేదు."

"మీరు లేచినప్పుడల్ల లేస్తుంది. మీరు పరేషాన్ అయితె, మల్ల ఏదో రాబోతుందనుకుంటది. కూసోనీకి ఆమెకు వస్తది. మీకే వస్తలేదు."

రాజేందర్‌కు రోషమొచ్చింది. రోజుకు అన్ని గంటలు సీట్ల కూసుండి బండి నడిపిన మనిషిని పట్టుకొని కూసోరాదంటదా! గని ఆలోచిస్తె నిజమే అనిపించింది. బండి కదులుతుంటె కూసునుడు వేరు. తను కదలక, కింద రోడ్డు కదలక, ఎన్నడు కూసున్నడు?

ఆ తెల్లారి ఫోన్ ఇంట్లనే పెట్టొచ్చిండు. మోకాలు ఊగబోతె అరచెయ్యి ఒత్తి పెట్టిండు. ఏం తోచక బిడ్డ చేతులు చూసిండు. బొటనవేలు, చూపుడువేలు కొసలతోని పోగును పట్టి, తెగకుండ, ఎంత బలం పెట్టాల్నో అంతే పెట్టి గుంజుతుంది. తెగిన పోగును పక్కకు పెడుతుంది. తెగనిది వరుసల పెడుతుంది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగి భుజాలు పైకి లేచినయి. ఏమైందా అని ఇటు అటు చూసిండు. ఏం కనపడలే. జరసేపటికి దూరంగ ఒక స్కూటర్ చప్పుడు వినిపించింది, సందు ముందటి నుంచి పోయింది. ఆమె భుజాలు దిగినయి. మధ్యాహ్నం వరకు ఎన్నోసార్లు అట్ల లేచినయి, దిగినయి. దేనిదేనికి లేస్తున్నయో తెలుసుకుంట, రాజేందర్ కూడ ఆ చప్పుళ్ల కోసం చెవి పెట్టి కూసున్నడు. ఇన్ని చప్పుళ్ల నడుమ పొద్దున లేస్తె బతుకుతుందా ఇది అనిపించింది.

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఆశ్రిత లేచింది. ఇంటి దిక్కు కాదు, సందులకు. కరెంటు స్తంభం దాకా నడిచి, దాని మొదట్ల కూసుంది. రాజేందర్ ఎంటపోయి పక్కకు కూసున్నడు. కొంతసేపటికి జొన్నల సంచి ఆయన భుజానికి తాకింది. ముందుగాల సంచి, అటెన్క బిడ్డ వీపు. బరువంత ఇడిచి ఆనుకుంది. చెయ్యి చుట్టెయ్యాల్నని పానం కొట్టుకుంది. మేడం మాట యాదికొచ్చి రెండు చేతులు కింద భూమికి ఆనిచ్చి పెట్టుకొని, ఊపిరి కూడ మెల్లగ తీసుకుంట, కదలకుండ కూసున్నడు.

ఆ రాత్రి దేవికతోని ఉన్నదున్నట్టు చెప్పిండు. "స్తంభం దాకా వచ్చింది." ఆమె "మంచిది" అన్నది. అంతే అన్నదిగని, ఫోన్ మాత్రం ఎమ్మటే పెట్టెయ్యలే.

* * *

బిడ్డ గేటు కాడికి చేరిన దినమే బస్సుల సమ్మె వాపసు తీసుకున్నరని తెలిసింది. గేటు బయట మెట్టు మీద ఆమె కూసుంది, లోపలికి తొంగి చూసింది, చెయ్యి పెట్టి గేటు కడ్డీని ముట్టుకుంది. రేపు పోతది, రేపు తప్పకుండ పోతది అనుకుంట ఇంటికొచ్చేసరికి డిపో నుంచి కబురు: పొద్దున మొదటి ట్రిప్పుకు అందరు రావాలె, సెలవుల్లేవు.

రాజేందర్ డిపోకు పోయిండు. అక్కడ సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. దుమ్ము పట్టిన బండ్లను కడుగుతున్నరు. "ఇన్ని దినాలు చేసి ఏం తెచ్చుకున్నం?" అని ఒకడంటుండు. "ఒస్తది, ఇయ్యాల కాకపోతె రేపొస్తది" అని ఇంకొకడంటుండు. చార్టు మీద నర్సాపూర్ సర్వీసు ముందట తన పేరు రాసి ఉంది. కంట్రోలర్‌ను అడిగిండు. ఆయన తల అడ్డం ఊపిండు.

"ఒక్కనికిస్తె అందరడుగుతరు రాజేందర్. నెల దినాలకు బండి బయలెల్లుతుంటె డ్రైవర్ లేడంటవా?"

రాజేందర్ ఒక బండి మెట్టు మీద కూసున్నడు. సిద్దమ్మ కాడ ఇడిచిపెట్టి పోవచ్చు. రెండు దినాలైతె దేవిక వస్తది. ఆమె మల్ల దుకాణం కాడి నుంచి మొదలుపెడతది. అంతే గదా. అంతేనని ఎంత అనుకున్నా లేవబుద్ధి కాలే.

ప్రభాకర్ పక్కకొచ్చి నిలబడ్డడు. ఆ దినం తర్వాత ఇద్దరు మాట్లాడుకోలే.

"బిడ్డ ఎట్లుంది?"

"గేటు దాకా వచ్చిందన్నా."

"ఏ గేటు?" అన్నడు గని, అనంగనే తెలిసింది. టైరును కాలుతోని ఒకసారి తన్ని చూసిండు. ఆ టైరుకు ఏం కాలే. "అంతకుముందు లోపలికి పోయేదా?"

"లోపల ఉయ్యాల మీద ఉండె. మనం పోయినప్పుడు."

ప్రభాకర్ చార్టు దిక్కు చూసిండు. సమ్మెల పోయిన గొంతు ఇంక సక్కగ రాలే.

"నర్సాపూర్ నేను తీస్త. నా డ్యూటీ మధ్యాహ్నం మీదుంది, రెండూ చేస్త. కంట్రోలర్‌తోని నేను మాట్లాడుత." రాజేందర్ ఏదో అనబోతె చెయ్యి అడ్డం పెట్టిండు. "ఇంటికి పో. పొద్దున్నే పోవాలె గద నువ్వు."

తెల్లారి ఆశ్రిత ఎక్కడ ఆగకుండ గేటు దాకా నడిచింది. గేటు బార్ల తీసి ఉంది. మెట్టు మీద కూసుంది. రాజేందర్ కింద, గోడ పక్కకు కూసున్నడు. లోపల వేరే పిల్లగాడు బియ్యంల చేతులు తిప్పుతున్న చప్పుడు మెత్తగ వస్తుంది. సుమన తలుపు తీసే ఉంచిందిగని బయటికి రాలే, పిలువలే.

చాలసేపైంది. ఆశ్రిత లేచి గేటు లోపల ఒక కాలు పెట్టింది. తీసింది. మల్ల మెట్టు మీద కూసుంది. రాజేందర్ కండ్లు ఆ కాళ్ల మీదనే ఉన్నయి. మిస్సయితె మల్ల రాదన్నట్టు, రెప్ప కొట్టనీకి కూడ భయపడుకుంట చూస్తుండు.

అప్పుడు మెయిన్ రోడ్డు మీద బస్సింజను మోత వినిపించింది. నెల దినాల తర్వాత మొదటి బస్సు. ఎరువుల దుకాణం కాడ ఆ రోడ్డు మలిగే మూల గుడ్డి మూల; ఎదురుంగ ఎవరొస్తుండ్రో కనపడదు. అక్కడ హారన్ కొట్టక మలిపే డ్రైవర్ డిపోల లేడు. ఆ పొడుగు హారన్ ఎంత గట్టిగుంటదో రాజేందర్‌కు తెలుసు, ఎన్నిసార్లు కొట్టిండో! లేవొద్దని, లేవొద్దనుకుంటనే మెడ తిప్పి రోడ్డు దిక్కు చూసిండు.

బస్సు మూల కాడికొచ్చి దాదాపు ఆగినంత పనైంది. కండక్టర్ కిందికి దిగి, రోడ్డుకు అడ్డం నిలబడి, ఎదురొచ్చే ఆటోను చేత్తోని ఆపిండు. బస్సు చప్పుడు లేకుండ, నిండు గర్భిణి నడిచినట్టు మెల్లగ మలిగింది. హారన్ మోగలే. కిటికీల ప్రభాకర్ మొఖం కనపడ్డది. ఆయన సందులకు చూడలే, ముందటికే చూస్తుండు. బస్సు పోయింది. సందు ముందట దుమ్ము లేచి, దిగింది.

రాజేందర్ ఊపిరి ఇడిచి ఇటు మలిగిండు.

మెట్టు మీద ఎవ్వరు లేరు.

అదిరిపడి సందు ఆ కొసకు చూసిండు. లేదు. గేటు లోపల, తలుపు పక్కన, చిన్న చెప్పుల జత ఒకటి మీద ఒకటి పడి ఉంది. లోపల నుంచి గొలుసుల కిర్రుమనుడు వచ్చింది. ఆగింది. మల్ల వచ్చింది. ఆ కిర్రుమనుడు వెంబడి సుమన గొంతు, చెవిల చెప్పినంత మెల్లగ, ఏదో అంటుంది.

లేచి ఉరుకుదామనుకున్నడు. మోకాళ్ల మీద చేతులానిచ్చి అట్లనే కూసుండిపోయిండు.

జేబుల ఫోన్ ఒణికింది. మోగకుండ పెట్టుకున్నడు ఆ దినం. దేవిక.

"పోయింది" అన్నడు గుసగుసగ.

"ఎక్కడికి?"

"లోపలికి."

అవతల ఆమె, చిన్నపిల్ల అడిగినట్టు ఆత్రంగ అడిగింది: "ఎట్ల పోయిందయ్యా? ఏ కాలు ముందుగాల పెట్టింది? చెప్పు జర, నువ్వన్న చూసినవు గద!"

రాజేందర్ తెరిచి ఉన్న తలుపు దిక్కు చూసిండు.

"లేదు దేవికా" అన్నడు. "నేను చూడలే. దానంతట అదే పోయింది."